మాడు మీద కొలత

స్కానింగు గదిలో డాక్టరమ్మ కూనిరాగం ఆగిపోయింది. ఆగిందంటే కొలత మొదలైందని ఆ దవాఖానాలో అందరికీ తెలుసు. బల్ల మీద నాలుగు నెలల పాప పడుకుని ఉంది. తల దగ్గర నాయనమ్మ నాగమ్మ నిలబడింది. పాప మాడు మీద ఆనించిన మిషను పిడి నాగమ్మ చేతిలో ఉంది. ఆ చేతి మీద డాక్టరమ్మ చెయ్యి ఉంది. తెర మీద బూడిదరంగు బొమ్మ కాసేపు నీళ్ళలో నీడలా కదిలింది. డాక్టరమ్మ కాలితో పెడలు నొక్కగానే నిలిచిపోయింది.

డాక్టరమ్మ కోటు జేబులోంచి డివైడరు తీసింది. బడిపిల్లల జామెట్రీ బాక్సులో ఉండే మామూలు డివైడరే. ఒక ముల్లు మెదడు నడిగీత మీద, రెండో ముల్లు పక్కనున్న నల్లటి గూడు చివరి అంచు మీద ఆనించింది. ముళ్ళ మధ్య దూరం మారకుండా దాన్ని తెర కుడి అంచున మిల్లీమీటరుకొకటిగా మెట్లలా ఉన్న గీతల మీదికి జరిపింది. తాను లెక్కపెట్టలేదు. డివైడరును అలాగే నాగమ్మ చేతికిచ్చింది.

"నువ్వు చెప్పు వదినా."

నాగమ్మ చూపుడువేలితో ఒక్కో గీతనూ తాకుతూ లెక్కపెట్టింది. ఆగింది. మళ్ళీ మొదటి గీత నుంచి మొదలుపెట్టింది.

"పోయినసారి పంతొమ్మిది ఉండె గదా?"

"అవ్."

"గిప్పుడు పద్నాలుగే ఉన్నయి."

"ఇంకోసారి పెట్టు."

"రెండుసార్లు పెట్టిన డాక్టరమ్మా. తునికాకు కట్ట లెక్కపెట్టినట్టే పెట్టిన. పద్నాలుగు."

డాక్టరమ్మ తెర దగ్గరికి ముఖం పెట్టి చూసింది. కళ్ళజోడు తీసి చూసింది. తర్వాత గది తలుపు తీసుకుని వరండాలోకి వచ్చి, చీటీలు పట్టుకుని కూర్చున్న యాభై అరవై మంది మధ్య నిలబడి గట్టిగా అన్నది.

"ఐదు తగ్గినయ్!"

చలిజ్వరంతో దుప్పటి కప్పుకున్న ముసలాయన ఒకడు తల పైకెత్తాడు. "ఏం తగ్గినయమ్మా? ఉల్లిగడ్డలా?"

వరండా అంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఆ వారం మలేరియా వార్త కోసం వెళ్ళిన నేను ఆ బెంచీ చివర కూర్చుని ఉన్నాను. ఆమె గొంతు పెంచడం అంతకు ముందూ వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

పోయిన నెల ఆమె పోయింది. మా పేపరు జిల్లా పేజీలో అడుగున నాలుగు వాక్యాల వార్త పడింది. ఏజెన్సీ ప్రాంత ప్రజలకు విశేష సేవలు అందించారని, పలువురు సంతాపం తెలిపారని ఉంది. కాన్పుల డాక్టరు అని రాశారు. అది తప్పు. ఆమె పిల్లల డాక్టరు. డెస్కుకు ఫోను చేసి చెప్పాను. సవరణ పడలేదు. అలాంటి సవరణలు ఎందుకు పడవో ఇన్నేళ్ళు ఆ పనిలో ఉన్న నాకు తెలుసు కాబట్టి మళ్ళీ చెయ్యలేదు. ఆ నాలుగు వాక్యాల్లో లేని మనిషిని గురించి ఇక్కడ కొంచెం రాస్తున్నాను.

కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి రోడ్డుకు దగ్గరగా వచ్చే చోట ఆ క్రైస్తవ మిషనరీ దవాఖానా ఉంది. ముప్పై పడకలు, పెంకుల కప్పు, ప్రార్థనకు పక్కన చిన్న గది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో వాళ్ళకు ఒక పాత స్కానింగు మిషను వచ్చింది. ఎక్కడో పెద్ద దవాఖానా కొత్తది కొనుక్కుని దీన్ని వదిలించుకుంది. తెర మీద చుక్కలు పెట్టి దూరం కొలిచే బటను అప్పటికే చెడిపోయి ఉంది. బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కు ఆ సామాను ఇప్పుడు రావట్లేదని చెప్పి వెళ్ళిపోయాడు. మర్నాడు ఆమె బజారుకు మనిషిని పంపి జామెట్రీ బాక్సు తెప్పించింది. అందులో డివైడరు ఒక్కటి తీసుకుని మిగతావి వంటామె మనవరాలికి ఇచ్చేసింది. తెర గీరుకుపోకుండా ముళ్ళ చివర కొవ్వొత్తి మైనం అద్దేది. అయినా తెర మధ్యలో సన్నటి గీరలు పడ్డాయి. కరెంటు పోయినప్పుడు కిటికీ వెలుగులో చూస్తే అవి కోడి కాలిగుర్తుల్లా కనిపించేవి.

పొట్టి మనిషి. తెల్ల చీర, దాని మీద కోటు, కాళ్ళకు రబ్బరు చెప్పులు. కొప్పులో పెన్సిలు గుచ్చుకునేది. అది మర్చిపోయి ఇంకోటి అడిగి తీసుకుని అదీ గుచ్చుకునేది. మధ్యాహ్నానికి కొప్పులో మూడు పెన్సిళ్ళు ఉండేవి. సాయంత్రం నర్సులు వాటిని ఏరి డబ్బాలో వేసేవాళ్ళు. మధిర వైపు పుట్టి పెరిగిన మనిషి కావడంతో మాటలో కొంచెం ఆ మెత్తదనం ఉండేది. అడవి ఊళ్ళ వాళ్ళతో మాట్లాడేటప్పుడు అది జారిపోయి "ఏంది", "గిట్ల" అని వచ్చేవి. పని చేస్తున్నంతసేపూ ఏదో ఒక రాగం తీసేది. అది ప్రార్థన పాటో, చిన్నప్పటి కోలాటం పాటో ఎవరూ పోల్చుకోలేకపోయేవాళ్ళు. ఏ పాటైనా ఆమె గొంతులో ఒకే పాటగా మారేది.

ఆ గది గోడకు చట్టం ప్రకారం పెట్టవలసిన బోర్డు ఉంది. ఇక్కడ పుట్టబోయే బిడ్డ ఆడో మగో చెప్పబడదు అని పెద్దక్షరాలు. అందువల్ల అది కడుపులు చూసే గది అని ఊళ్ళన్నిటికీ తెలిసిపోయింది. ఆమె మొదటిసారి ఒక చంటిపిల్లను ఆ బల్ల మీద పడుకోబెట్టి తల మీద పిడి పెట్టినప్పుడు బయట ఆడవాళ్ళు కిటికీలోంచి చూసి కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు.

"ఏందమ్మా, దీనికి తలకాయల కూడ బిడ్డున్నదా?"

"బిడ్డ లేదు. నీళ్ళున్నయో లేవో చూస్తున్న."

"నీళ్ళా?"

"బోరు వేసేటప్పుడు నీళ్ళు పడాలె, పడాలె అని చూస్తరు గదా. ఇక్కడ ఎక్కువ పడొద్దని చూస్తం. అంతే తేడా."

ఈ బోరు మాట ఆమె ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. నాకు కూడా అట్లాగే చెప్పింది. మెదడు మధ్యలో గూళ్ళలాంటి ఖాళీలు ఉంటాయి. వాటిలో నీళ్ళలాంటిది ఊరుతుంటుంది, ఊరినది ఊరినట్టు బయటికి పోతుంటుంది. నెలలు నిండక ముందే పుట్టిన పిల్లల్లో కొందరికి మొదటి వారంలోనే ఆ గూళ్ళలో నెత్తురు కారుతుంది. అది దారికి అడ్డం పడితే నీళ్ళు నిలిచిపోయి గూళ్ళు ఉబ్బుతాయి. మెదడును చుట్టూ నెట్టేస్తాయి. ఈ మిషను చూపు ఎముకలోంచి పోదు. చంటిపిల్లల మాడు దగ్గర ఇంకా ఎముక కూడుకోదు కాబట్టి అక్కడినుంచి లోపలికి చూడవచ్చు.

"తల చుట్టూ టేపు పెట్టి కొలవచ్చు గదా మేడం?" అని అడిగాను.

"కొలుస్తం. కొలవాలె కూడ. కానీ టేపు మా జూలూరుపాడు బస్సు లాంటిది. వస్తది, రాకుండా ఉండదు. మనం పోవాల్సిన పని అయిపోయినంక వస్తది."

తల పెరగడానికి ముందే లోపల గూళ్ళు పెరుగుతాయని ఆమె అట్లా చెప్పింది. అందుకే ఏడో నెలలో, ఎనిమిదో నెలలో పుట్టిన ప్రతి బిడ్డకూ వారం వారం గూళ్ళ వెడల్పు కొలిచేది. బిడ్డకొక గ్రాఫు కాగితం. ఎంతవరకు ఉంటే ఫరవాలేదో చూపే గీత ఒకటి దాని మీద ముందే గీసి ఉంచేది. వారానికొక చుక్క పెట్టేది. ఆ కాగితాలను పాత ఎక్సురే కవర్లలో దాచేది. చుట్టుపక్కల ఎవరూ చెయ్యని పని అది. నాకు తెలిసి, ఎవరూ చెయ్యమని అడగని పని కూడా.

ఆ గది బల్ల మీద జెల్లీ సీసా పక్కన ఎప్పుడూ ఒక ఆముదం సీసా ఉండేది. మొదట్లో నాకు అర్థం కాలేదు. ఒక వానరోజు వరండాలో పిడిని గుడ్డతో తుడుస్తూ ఆమే చెప్పింది.

ఈ వైపు ఊళ్ళలో పుట్టిన బిడ్డకు మాడు నిండా ఆముదం పెడతారు. అది కూడుకునేదాకా, నీళ్ళు పోసిన ప్రతిసారీ. పెట్టేది ఇంట్లో పెద్దామె ఒక్కతే. మాడు ఎండకూడదు, దాని మీద పరాయి చెయ్యి పడకూడదు. మిషను వచ్చిన ఏడాది లోపలి ఊరినుంచి ఒక బాబును తీసుకొచ్చారు. బొమ్మ సరిగ్గా రావడానికి ఆమె చదువులో నేర్చుకున్నట్టే మాడు మీద నూనెను స్పిరిటు దూదితో శుభ్రంగా తుడిచింది. జెల్లీ పెట్టి చూసింది. గూళ్ళు కొంచెం పెద్దవిగా ఉన్నాయి. వచ్చే వారం తప్పకుండా రమ్మని రెండుసార్లు చెప్పింది. బాబు అమ్మమ్మ తల ఊపింది. వాళ్ళు మళ్ళీ రాలేదు.

"మూడు నెలల తర్వాత మా నర్సు ఒకామె ఆ ఊరికి పోయి చూసొచ్చింది. తల ఇంతయింది బాబుది. అప్పుడు చెప్పిందట ముసలామె. 'మీ డాక్టరమ్మ మాడు ఎండబెట్టింది, అప్పటినుంచే గిట్లయింది' అని." ఆమె గుడ్డ మడిచి పెట్టింది. "నేను మెదడు చూసిన. దాని మీద ఉన్న నూనెను చూడలే."

ఆ బాబు దక్కలేదు.

తర్వాతి వారం ఆముదం సీసా వచ్చింది. అప్పటినుంచి ఆమె తుడవడం మానేసింది. నూనె మీదనే జెల్లీ వేసేది. పని అయ్యాక జెల్లీ తీసేసి, ఆముదం సీసా పెద్దామె చేతికిచ్చి, "పెట్టు వదినా, నీ చెయ్యి పెట్టు" అనేది. నూనె తగిలితే పిడి రబ్బరు చెడిపోతుందని మెకానిక్కు కోప్పడ్డాడు. "రబ్బరు పోతే రబ్బరు తెస్తం" అని అతనికి టీ ఇప్పించింది. పరాయి చెయ్యి పడకూడదు కాబట్టి పిడిని పెద్దామె చేత్తోనే పట్టించేది, దాని మీద తన చెయ్యి పెట్టి తిప్పేది. మొదట వాళ్ళ మాట కోసమే అట్లా చేసింది. పోను పోను దాని లాభం తెలిసింది. రోజూ కాళ్ళ మీద వేసుకుని స్నానం చేయించే చెయ్యి కదా, బిడ్డ ఏడవదు, తల కదలదు. నర్సు పట్టుకున్నప్పటి కన్నా బొమ్మ నిలకడగా వచ్చేది.

పెద్దామెలందరినీ ఆమె వదినా అనే పిలిచేది. వాళ్ళకన్నా ఆమే పదేళ్ళు పెద్దదైనా సరే. "అమ్మా అంటే మీదికెత్తినట్టు ఉంటది. అక్కా అంటే నేను చిన్నదాన్నయిపోతా. వదినంటే పోట్లాడుకోవచ్చు" అనేది.

ఒకసారి స్కానింగు మిషన్లు తనిఖీ చేసే అధికారి ఒకాయన వచ్చాడు. రిజిస్టరు తిరగేశాడు. గర్భిణుల పేర్ల కన్నా చంటిపిల్లల పేర్లు ఎక్కువున్నాయి. ఆయన అనుమానంగా గదంతా చూశాడు. డివైడరు, గ్రాఫు కాగితాలు, ఆముదం.

"ఏంది మేడం, ఇక్కడ ట్యూషన్ కూడ చెప్తున్నరా?"

"అవ్ సార్. కూర్చోండి. మీకూ ఒక లెక్క ఇస్త."

ఒక బిడ్డను పడుకోబెట్టి ఆయన చేత కొలిపించింది. ఆయన చెప్పిన అంకె ఆమె అంకెతో కలవలేదు. మళ్ళీ చేయించింది. మూడోసారికి కలిసింది. ఆయన చేతులు తుడుచుకుంటూ, అంతా సరిగ్గానే ఉందని, మిషను మాత్రం ఈ గది దాటి బయటికి పోకూడదని, అది చట్టమని చెప్పాడు. ఆమెకు అది ముందే తెలుసు. జీపులో వేసుకుని ఊరూరా తిరగాలని ఆమెకు ఉండేది. మిషను పోలేదు కాబట్టి బిడ్డలే రావాలి. వాళ్ళను వారం వారం రప్పించడమే అసలు పని అయింది ఆమెకు. బస్సులు, వాగులు, కూలి పనులు, శకునాలు అన్నీ దాటి వాళ్ళు రావాలి.

నాగమ్మ వాళ్ళది జూలూరుపాడు అవతల అడవి అంచున చిన్న పల్లె. కొడుకు సత్తుపల్లి వైపు బొగ్గు లారీ నడుపుతాడు. కోడలు సరితకు ఏడో నెలలో నొప్పులొచ్చి ఈ దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది. రెండు అరచేతుల్లో పట్టేంత బిడ్డ. నాలుగో రోజు డాక్టరమ్మ చూస్తే గూళ్ళలో నెత్తురు కనిపించింది. ఆ వారం కొలత పదకొండు. పై వారం పన్నెండు. ఆ పై వారం పద్నాలుగు. గీత దాటింది.

అప్పుడే నాగమ్మ బిడ్డను తీసుకుని ఇంటికి పోతానంది. ఇరవై ఒకటో రోజు దాటిపోయింది, తొట్లె వెయ్యలేదు, పేరు పెట్టలేదు. బిడ్డ పాలు తాగుతోంది, నిద్రపోతోంది. టేపు పెడితే తల మామూలుగానే ఉంది.

"ఏం రోగమమ్మా దీనికి? మంచిగున్న పిల్లను పట్టుకోని రోజూ ఆ టీవీల చూస్తవు."

డాక్టరమ్మ వాదించలేదు. "నువ్వేం పని చేస్తవు వదినా?"

"ఎండాకాలం తునికాకు కోస్త. తక్కిన రోజులు కూలి."

"కట్టకు ఎన్ని ఆకులు?"

"యాభై."

"నలభై తొమ్మిది కడితే?"

నాగమ్మకు కోపమొచ్చింది. "నేను కట్టను. ఎవరన్న కడితే చేతిల పట్టుకోంగనే చెప్త."

"అయితే రా. ఇది నాకన్నా నీకే జల్దీ తెలుస్తది."

డివైడరు చేతికిచ్చి, గీతలు చూపించి, కిందటి వారం ఇంత, ఈ వారం ఇంత అని చెప్పింది. నాగమ్మ చాలాసేపు తెర ముందు కూర్చుంది. చదువు లేని మనిషి. గీతలు లెక్కపెట్టడం మాత్రం తనకన్నా బాగా వచ్చని డాక్టరమ్మ తర్వాత అందరికీ చెప్పుకునేది. ఆ రోజు నాగమ్మ ఇంటికి పోలేదు. తొట్లె వార్డులోనే వేశారు. నర్సులు పాట పాడారు. డాక్టరమ్మ పాడబోతే అందరూ వద్దన్నారు.

పేరు మాత్రం పెట్టలేదు. బిడ్డ దక్కుతుందని తేలాక పెడతానంది నాగమ్మ. గ్రాఫు కాగితం మీద "నాగమ్మ వదిన మనవరాలు" అనే రాసి ఉండేది.

నడుములోంచి సూదితో నీళ్ళు తీశారు. కొన్నాళ్ళు పెరుగుదల నెమ్మదించింది, మళ్ళీ లేచింది. పదహారు, పదిహేడు. మూడో నెల నిండేసరికి పంతొమ్మిది. ఇక ఆపరేషను చేసి, తలలోంచి కడుపులోకి చర్మం కింద సన్నటి గొట్టం వెయ్యాలి. నీళ్ళు అందులోంచి దిగిపోతాయి. అది పట్నంలోనే అవుతుంది. డాక్టరమ్మ పెద్ద ఉత్తరం రాసిచ్చింది. గ్రాఫు కాగితాన్ని వేరే కవరులో పెట్టి నాగమ్మ సంచిలో వేసింది.

"ఉత్తరం పోయినా ఫరవాలేదు వదినా. ఈ కాగితం పోగొట్టకు."

పట్నంలో ఏం జరిగిందో నాగమ్మే నాకు చెప్పింది, కొలత ఐదు తగ్గిన ఆ గురువారమే వరండాలో కూర్చుని, మంది మధ్య, చేతులు తిప్పుతూ.

పెద్ద దవాఖానాలో వరుసలో నిలబడి ఉత్తరం ఇచ్చారు. అది ఏ బల్ల మీద పెట్టారో, మళ్ళీ కనిపించలేదు. మధ్యాహ్నానికి ఒక కుర్ర డాక్టరు చూశాడు. పాప తలకు టేపు పెట్టాడు. మాడు నొక్కి చూశాడు. మెత్తగానే ఉంది. తల బాగానే ఉంది, నెల తర్వాత తీసుకురండి, పెరిగితే చూద్దాం అన్నాడు. సరిత బిడ్డను ఎత్తుకుని బయల్దేరబోయింది. కొడుకు సంచి భుజానికేసుకున్నాడు.

"నేను లెవ్వలే," అంది నాగమ్మ. "'అయ్యా, టేపు కాదు, లోపల కొలువు' అన్న. 'లోపల అంటే ఏందమ్మా' అన్నడు. కాయితం తీసి బల్ల మీద పరిచిన. 'గిది పదకొండు, గిది పన్నెండు, గిది పద్నాలుగు. గిది గీత. గీత దాటినంక టేపు కోసం చూడొద్దని మా ఆమె చెప్పింది' అన్న. పిల్లగాడు నవ్విండు. కాయితం ఎవరు గీసిన్రు అన్నడు. నాకు మండింది. 'మిషన్ చూపియ్యి. పిడి నా చేతికియ్యి. నేను చూపిస్త' అన్న."

వరండాలో ఒకామె, "నిజంగ అన్నవా పిన్నీ?" అంది.

"అనకుంట? నలభై సార్లు పట్టిన ఆ పిడి."

ఆ గొడవకు లోపలినుంచి పెద్ద డాక్టరు వచ్చాడు. కాగితం చేతిలోకి తీసుకుని చుక్కలన్నీ చూశాడు. కూర్చుని మళ్ళీ చూశాడు. మిషను తెమ్మన్నాడు. నాగమ్మ పాప మాడు దగ్గర నిలబడి తన వంతు కోసం చెయ్యి చాపితే, ఆయన ఒక్క క్షణం ఆలోచించి పిడి ఇచ్చాడట. వాళ్ళ కొత్త మిషను మీద అంకె దానంతట అదే వచ్చింది. పంతొమ్మిదిన్నర. ఆ వారమే ఆపరేషను చేసి గొట్టం వేస్తామన్నాడు, వేశారు కూడా.

"గప్పుడు అడిగిండు. 'నీకు ఇదంత ఎవరు నేర్పిన్రమ్మా' అని. 'మా ఆడబిడ్డ' అని చెప్పిన."

"ఆడబిడ్డా?" డాక్టరమ్మ అప్పుడే గదిలోంచి వస్తోంది. ఆ మాట ఆమెకూ కొత్త.

"మరి? వదినా వదినా అని పిలిచింది నువ్వే గదా. నేను వదిననైతే నువ్వు నాకేమైతవు? ఆడబిడ్డవే అయితివి. 'మా ఆడబిడ్డ అడవిల డాక్టర్' అని చెప్పిన. ఆయన నిజమనుకున్నడు. 'మీ ఇంట్ల అందరు డాక్టర్లేనా' అన్నడు."

డాక్టరమ్మ గోడకు ఆనుకుని, కళ్ళజోడు తీసి, కొంగుతో ముఖం ఒత్తుకుంటూ నవ్వింది. కొప్పులోంచి పెన్సిలు ఒకటి కింద పడింది. "అయితే ఆడబిడ్డకు పెట్టాల్సిన రవికగుడ్డ ఏదీ? ఒట్టి చేతులతో వచ్చినవేంది?"

"నా పెండ్లయినప్పటి సంది ఆడబిడ్డలతోని నాకు పడలే. నువ్వొక్కదానివి మిగిలినవ్. తెస్త తియ్యి."

మరుసటి వారం తెచ్చింది. చిలకపచ్చ రంగు. ఆ రోజు సరిత ఒడిలో పాపకు పేరు కూడా ఉంది. కాగితం మీద పాత పేరు కొట్టేసి కొత్తది రాయబోతే నాగమ్మ ఒప్పుకోలేదు, రెండూ ఉండనియ్యి అంది. ఎన్నో ఏళ్ళుగా తెల్ల రవిక తప్ప తొడుక్కోని డాక్టరమ్మ ఆ చిలకపచ్చ గుడ్డను కుట్టించుకుంది. కోటు కింద అది వేసుకుని వచ్చిన రోజు నర్సులు ముఖముఖాలు చూసుకున్నారు. ఆమె రాగం తీస్తూ నడిచిపోయింది.

ఇంకో సంగతి. రెండు నెలల తర్వాత పట్నం నుంచి ఆ పెద్ద డాక్టరు ఉత్తరం వచ్చింది. నెలలు నిండని పిల్లలకు మీరు వాడే గ్రాఫు కాగితం నకలు ఒకటి పంపగలరా అని. ఆమె పంపింది. ఒకటి అడిగితే ఇరవై పంపింది. కవరులో జామెట్రీ బాక్సు కూడా పెట్టబోతే, వాళ్ళ మిషన్లు బాగానే ఉన్నాయని నర్సులు ఆపారు. ఉత్తరాన్ని ఆమె ఎవరికీ చూపించలేదు. నాకు నర్సు చూపించింది. అది వార్త చేస్తానంటే డాక్టరమ్మ ఒప్పుకోలేదు. "నా పేరు రాస్తే జనం నాకోసం వస్తరు. నేను లేని రోజు రారు. వారం వారం రావాలె అని రాయి, చాలు" అంది. అట్లాగే రాశాను. నాగమ్మ పేరు మాత్రం రాయనిచ్చింది. ఆ తర్వాత మూడేళ్ళలో ఆ గదికి వచ్చిన పెద్దామెల్లో చాలామంది, "నాగమ్మ పట్టిన పిడి ఇదేనా?" అని అడిగి మరీ పట్టుకునేవాళ్ళట.

ఆమె పోయిన తర్వాత నాగమ్మ ఇంటికి వెళ్ళాను. పాప ఇప్పుడు రెండో తరగతి. గడపలో కూర్చుని ఎక్కాలు గట్టిగా చదువుతోంది. పదమూడో ఎక్కంలో తప్పు పోతే నాయనమ్మ లోపలినుంచే పట్టుకుంది. జుట్టు రెండు జడలు. కుడి చెవి వెనుక జుట్టు కింద వేలు పెట్టి చూస్తే గొట్టం తగులుతుంది. సన్నగా, మెడ మీదుగా కిందికి పోతుంది.

డాక్టరమ్మ పెట్టిన చుక్కలు పద్నాలుగో నెలతో ఆగిపోయాయి. అప్పటికి మాడు కూడుకుంది, ఇక ఆ మిషను లోపలికి చూడలేదు. చివరి చుక్క గీతకు చాలా కింద ఉంది. పోయిన ఏడాది పట్నంలో పెద్ద మిషను మీద తలకు స్కాను తీయించారు. గూళ్ళు చిన్నవిగానే ఉన్నాయి. గొట్టం ఇంకా నీళ్ళు లాగుతుండటం వల్ల అట్లా ఉన్నాయా, లేక లోపలి దారి తనంతట తాను తెరుచుకుని గొట్టం ఊరికే పడి ఉందా అని నాగమ్మ అక్కడి డాక్టరును అడిగింది. గొట్టం మూసి చూస్తే తప్ప తెలియదని, ఆ పని ఎవరూ చెయ్యరని ఆయన చెప్పాడు. ఏది నిజమో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.